పొగ చేదెక్కే ముందు

మా పక్కింటి మావయ్యగారు పోయారు. పొద్దున్నే కాఫీ తాగి, షెడ్డు తలుపు తీసి, చెక్క తిప్పి చెక్కే లేత్ ముందు స్టూలు మీద కూర్చుని అలాగే ఒరిగిపోయారు. ఊరవతల ధర్సీవాలో ఫ్యాక్టరీ డ్యూటీకి వెళ్లిన ఆయన కొడుక్కి ఫోను చేసింది నేనే. ఆ రోజు నుంచి మా వంటింట్లో నాకు కాలిన చెక్క వాసన వస్తూనే ఉంది. ఇంట్లో ఇంకెవరికీ రావడం లేదంటున్నారు.

ఆయన మాకు చుట్టమేమీ కాదు. శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి రాయపూర్ వచ్చిన మనిషి. మా ఆయన బాబాయ్ అని పిలిచేవారు కాబట్టి, కోడలిగా వచ్చిన నాకు మావయ్యగారయ్యారు. రిటైరయ్యాక పెరట్లో లేత్ పెట్టుకుని కుంకుమ భరిణెలు, చపాతీ కర్రలు, మంచం కోళ్లు చేసేవారు. వాటికి రంగు వేయడం ఆయనకు గిట్టేది కాదు. శీశం చెక్క గిర్రున తిరుగుతుంటే, రెండు కొసలకూ కర్ర పిడులున్న ఇనుప తీగను దాని గాడిలో ఆనించేవారు. రాపిడికి పొగ లేచి, చెక్క చుట్టూ సన్నగా నల్లటి గీత పడేది. కాటుక దిద్దినట్టుండేది.

కాస్త ఎక్కువసేపు ఆనిస్తే గీత లోతుకు దిగి భరిణె పగిలిపోతుంది. ఎప్పుడు ఆపాలో పొగ వాసనే చెప్పాలి. ఆయనకేమో ఎప్పుడో పెద్ద జ్వరం వచ్చి వాసన తెలియకుండా పోయింది. అందుకని ఆయన భార్య, అత్తయ్యగారు, స్టూలు పక్కన నిలబడి "చాలు" అనేవారు. ఆవిడ పోయాక చాలాకాలం లేత్ మీద గోనెపట్టా కప్పి ఉంచారు. ఒక మధ్యాహ్నం రెండిళ్ల మధ్య గోడ మీదుగా నన్ను పిలిచారు.

"అమ్మాయ్, నువ్వక్కడే ఉండి సెప్పు. పొగ తియ్యగా ఉన్నంతసేపు పర్లేదు. జరా సేదెక్కిందా, సాలను."

వంకాయలు తరుగుతూనే చాలన్నాను. ఆయన గీత చూసుకుని, మీ అత్తయ్య ఇంకొంచెం ముందే అనేదన్నారు. నాకు ఒళ్లు మండింది. రానురాను కుదిరింది. నేను అప్పడాలు కాల్చే రోజు మాత్రం లేత్‌కు సెలవు. నా ముక్కుకు ఈ పదును ఆయన వల్ల వచ్చిందే. ఇవాళ్టికీ మా ఇంట్లో పప్పు అడుగంటదు.

కానీ కొన్నిసార్లు నేను అనకముందే తీగ తీసేసేవారు. గీత చక్కగా కుదిరేది. ఎలా తెలిసిందని అడిగితే, "మీ అత్తయ్య సెప్పింది గదమ్మా" అనేవారు, పాలవాడు వచ్చి వెళ్లాడని చెప్పినంత మామూలుగా. పెద్దతనం అని సరిపెట్టుకునేదాన్ని. నిజం చెప్పాలంటే భయం వేసేది.

చివరగా మనవరాలి పెళ్లికని ఒక భరిణె మొదలుపెట్టారు. మూడు గీతల్లో రెండే పడ్డాయి. పన్నెండో రోజు భోజనాలయ్యాక కొడుకు దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసి, మూడోది నేను పెడతాను వదినా అన్నాడు. పాడైతే పిల్లకు ఇవ్వడానికి నాన్న చేతి పని ఇంకొకటి లేదు, సగంలో ఆగినది పెళ్లికెలా ఇవ్వడమని అతని బాధ. తీగ పట్టి ఎన్నేళ్లయిందో అతనికే గుర్తులేదు. నేను షెడ్డులోకి వెళ్లలేదు. అలవాటుగా మా గోడ ఇవతలే నిలబడ్డాను.

లేత్ తిరిగింది. పొగ లేచింది. ఇంకా తియ్యగానే ఉంది. చేదు తగలగానే చెబుదామని గాలి ఎగపీలుస్తూ ఉన్నాను. నేను అనేదానికి ఇంకొంచెం ముందే అతను తీగ తీసేశాడు. లేత్ ఆపి, భరిణె తెచ్చి గోడ మీద పెట్టాడు. మూడు గీతల్లో కొడుకు పెట్టింది ఏదో చెప్పలేకపోయాను.

"ఇంత సరిగ్గా ఎలా ఆపావయ్యా?" అని అడిగాను.

"అరే, మీరే కదా వదినా చాలన్నారు."

నేను అసలు చాలనే అనలేదు. అతని వెనక షెడ్డులో పొగ అంతా విడిపోయింది. స్టూలు పక్కన, అత్తయ్యగారు నిలబడే చోట మాత్రం, కొంచెం మిగిలి ఉంది.