మా గోడ మీదికి ఒరిగిన బండల లారీ

నా పేరు యాదమ్మ. వయసు అరవై ఎనిమిది. చిక్కడపల్లిలో కొడుకు, కోడలు, మనవరాలితో ఉంటాను. చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు ఫోనులో రాస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

మొన్న తొట్టెల ఫంక్షన్‌లో మా తమ్ముడు పదిమందిలో అన్నాడు... "మా అమ్మ ఊకెనే భయపడి పురుట్లనే గడప దాటిందట" అని. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అసలు జరిగింది ఇది.

మా చిన్నప్పుడు... నాకు పదకొండేళ్లు. ఇదే చిక్కడపల్లి సందులో మాది మట్టిగోడల పెంకుటిల్లు, ఒకటే గది. సందు వైపు గోడకు ఆనించి నులకమంచం... దాని మీద అమ్మ, పక్కన పొత్తిళ్లలో తమ్ముడు. పురుడు తీరేదాకా బాలింత గడప దాటకూడదు. లోపల పసిబిడ్డ ఉన్నాడని కొత్తవాళ్లకు చెప్పడం కూడా మా నాయనమ్మకు పడదు... దిష్టి భయం. నాన్న నారాయణగూడకు పనికి పోయాడు.

ముసురు పట్టింది. నల్లా గొట్టం కోసం సందు తవ్వి, మన్ను వదులుగా పూడ్చి పోయారు. అశోక్‌నగర్‌లో కడుతున్న ఇంటికి షాబాద్ బండలు తీసుకుపోతున్న లారీ సరిగ్గా అక్కడే దిగబడింది. ఎడమవైపు వెనక చక్రం సగానికి పైగా బురదలో... లారీ మొత్తం మా గోడ వైపు ఒరిగింది.

సందులోని మగవాళ్లు తాడు పట్టుకొచ్చి ముందు కట్టారు. "ఎక్కు ఖాసిం భాయ్! ఒక్క హైసాకు బయటపడతది!"

"జర ఆగుండ్రి" అన్నాడు డ్రైవర్ ఖాసిం. మా నాయనమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఇంట్ల ఎవరన్న ఉన్నరా?"

"ఎవ్వరు లేరు బిడ్డా. ఖాళీ ఇల్లు."

కొత్తవాళ్లకు ఆమె ఎప్పుడూ చెప్పే మాటే... కానీ ఆ రోజు! మగవాళ్లంతా అవతల తాడు దగ్గరున్నారు, ఆ మాట వాళ్ల చెవిన పడలేదు.

ఖాసిం లారీ ఎక్కాడు, తాడు బిగిసింది. "జోర్ లగాకే... హైసా!" చక్రం గిర్రున తిరిగి ఇంకా లోపలికి పోయింది. లారీ మూలిగి మరో జానెడు మా వైపు వాలింది. చూరు పెంకులు రాలి పగిలాయి. లోపల తమ్ముడు కెవ్వుమన్నాడు... ఇంజను మోతలో గోడ పక్కనున్న నాకు తప్ప ఎవరికీ వినపడలేదు.

"మల్ల ఒక్కసారి!" అని అరుస్తున్నారు. నేను అటువైపు ఉరికి, లారీ మెట్టెక్కి, ఖాసిం చొక్కా పట్టి గుంజాను.

"ఆపు! ఇంట్ల మా అమ్ముంది! తమ్ముడున్నడు!"

"నోరు మూస్కో పోరీ!" అంది నాయనమ్మ.

ఖాసిం ఇంజను ఆపేశాడు. "యా అల్లా... ఏంది ముసలమ్మా, పానాలతోని ఆటనా? వాళ్లు బయటికి రాంది నేను తాళం తిప్ప."

మా తలుపు సందులోకి కాదు, పక్కనున్న ఖాళీ జాగాలోకి ఉండేది. నాయనమ్మ పోయి గడపకు అడ్డంగా నిలబడింది. "పురుట్ల మనిషి బయటికొస్తదా? పోరనికేమన్న అయితే?"

అమ్మ మంచం దిగింది. తలకు గుడ్డ కట్టుకుని, తమ్ముణ్ని కొంగులో చుట్టుకుని వచ్చింది. "జరుగుండ్రి అత్తమ్మా." ఆమె జరగలేదు. అమ్మ భుజంతో నెట్టుకుని దాటింది.

దాటి, వానలో నిలబడిపోయింది... మైలలో ఉన్న మనిషిని ఎవరు రానిస్తారు? ఆ ఏడు మేమిక్కడివాళ్లం, మీరక్కడివాళ్లు అని ఊరంతా పట్టింపులు. కోస్తా నుంచి వచ్చిన ఎదురింటి కృష్ణవేణి గారితో నాయనమ్మ మాట్లాడడమే మానేసింది. ఆవిడే తలుపు బార్లా తీసింది.

"పసిగుడ్డుతో అలా తడుస్తావేంటమ్మా? లోపలికి రా! మైల సంగతి తర్వాత కడుక్కుందాం!"

ఇక అప్పుడు పని సరిగా మొదలైంది. వాలిన వైపు ఎవరినీ నిలబడనివ్వలేదు ఖాసిం. ఎదురింటి వాకిట్లోని వేపచెట్టుకు మోకు కట్టి లారీని పట్టి ఉంచారు. బండలన్నీ ఎత్తువైపు నుంచే దించారు. లారీ ఖాళీ అయ్యాకే ఖాసిం ఒక్కడే పారతో చక్రం దగ్గరికి దిగి, దాని ముందున్న మన్ను వాలుగా చెక్కి, ఆ బండలే పరిచాడు. అంతమందిలో ఒక్కరూ అరవలేదు. లారీ అంగుళం అంగుళంగా పైకి వచ్చింది...

గోడ బీటలిచ్చింది. పడలేదు.

"పడలే గద! ఊకెనే ఉరికినవ్" అంది నాయనమ్మ.

"పడ్డంక ఉరుకుతరా అత్తమ్మా?" అంది అమ్మ.

తెల్లారి తమ్ముడికి జలుబు చేసింది. ఇక అంతే... వాడు తుమ్మినా దగ్గినా తప్పు అమ్మదే. ఆమె పోయేదాకా ఆ మాట పడుతూనే ఉంది. అమ్మ బయటికి వచ్చింది కాబట్టే కంగారు లేకుండా నిదానంగా పని చేశారు, నిదానంగా చేశారు కాబట్టే గోడ నిలిచింది. ఇది నా మాట.

ఇప్పుడు లారీ దిగబడితే క్రేన్ వస్తుంది, లాగుతుంది, పోతుంది... ఎవరూ తలుపు తీసి చూడరు. దీని కింద తమ్ముడు కూడా సాక్షి సంతకం పెడతానన్నాడు. పొత్తిళ్లలో ఉన్నవాడి సాక్ష్యం చెల్లదన్నాను. రాసింది చదువుకొమ్మన్నాను, అంతే.

మీ ఇంట్లోనూ మంచి పని చేసి మాటపడ్డ ఆడమనిషి ఉంటే... ఆమె పేరు దీని కింద కామెంట్‌లో రాయండి. మా అమ్మ పేరు నర్సమ్మ.

యాదమ్మ వేలిముద్ర (కాగితం మీద వేసి ఫొటో తీయించాను)
సాక్షి: శారద (కృష్ణవేణి గారి కూతురు, ఆ రోజు వాళ్ల గుమ్మంలో నిలబడి చూసిన మనిషి)
స్వాతి, మనవరాలు, రాసినది