ఆ ఒక్క మాట తీసేయమన్నాడు

నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. చేలల్లో దొరికే ఆకుకూరల గురించి మూడేళ్లుగా ఈ బ్లాగులో ఇలాగే చెబుతున్నాను. ఈ రోజు సిరిసిల్ల నుంచి గడ్డిమందు కంపెనీ మనిషి వచ్చాడు. బ్లాగులో వాళ్ల ప్రకటన పెడితే నెలనెలా డబ్బులిస్తాడట. వేళ్లు వంగక బీడీలు చుట్టడం మానేసిన నాకు అది ఆసరా అవుతుంది.

"అవ్వా, 'మందు కొట్టిన చేన్ల ఆకు తెంపకుండ్రి' అని ప్రతిసారి చెప్తవ్ గదా. గా ఒక్క మాట తీసెయ్యరాదు," అన్నాడు.

"తీసేస్త. మరి గా చేన్ల ఆకు నీ పిల్లలకు వండిపెడ్తవా కొడుకా?"

నవ్వి, ఒప్పందం కాగితం, వేలిముద్రకు సిరా డబ్బా ముందుకు జరిపాడు. నా బొటనవేలు సిరా డబ్బా దాకా వెళ్లింది! గభాలున వెనక్కి లాక్కున్నాను. కాగితం ఇక్కడే పెట్టి, రేపు మళ్లీ వస్తానని పోయాడు.

అతని కంటే నా వేలంటేనే ఎక్కువ భయంగా ఉంది. అతను వచ్చేలోపు ఆ మాట మీరంతా కింద ఒక్కసారి రాయండి. మనవరాలితో చదివించుకుంటాను.