సూరిబాబు బావ గోనె బ్యాగ్

ఆదివారం. తెల్లారినప్పటి నుంచి ముసురు. కొట్లో తడిసిన గోనెసంచులు వసారాలో తాడు కట్టి ఆరేశాను.

నిన్న కొట్టు తీస్తుండగా ఫోన్ వచ్చింది. సూరిబాబు బావ లేడని. హార్ట్ ఎటాక్.

మొన్న సాయంత్రం ఇక్కడే బల్ల మీద కూర్చుని టీ తాగాడు.

ఏం చేయాలో తోచక తలుపు సగం తీసి అలాగే నిలబడ్డాను.

తెలియనివాళ్ల కోసం. మాకు చుట్టరికం లేదు. నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసేవాడు, ఊరంతటికీ బావ.

కొన్నేళ్ల కిందట ఇద్దరం వైజాగ్‌లో షిప్ ఎక్కి అండమాన్ వెళ్లాం. అక్కడ ఒక దీవిలో కొండ ఎక్కి అవతలి ఒడ్డుకు దిగాలని ఆయన కోరిక. బ్యాగ్ కొనమంటే వినలేదు. గోనెసంచికి పట్టీలు కుట్టి వీపున తగిలించాడు.

కొండ మీద వాన పట్టుకుంది. గోనె నీళ్లు తాగి రాయిలా అయింది. కాళ్లకు జలగలు, మెడంతా ఇసుక ఈగలు కుట్టిన దద్దుర్లు.

పైగా దారి తప్పాం. చీకటి పడుతోంది. ఆయాసంతో బావ పెదాలు తెల్లబడ్డాయి. నాకు భయం వేసి సంచి వదిలేయమన్నాను.

"ఆ సంచి ఒగ్గీ బావా."

"ఏటి ఒగ్గీది? నా సేత్తో నేసిన గోనెరా ఇది."

"పానం కన్నా ఎక్కువేటి?"

"ఏటీ? మల్లీ సెప్పు."

నేను అంత గట్టిగా పోట్లాడింది అప్పుడే.

కింద చెట్లలోంచి ఒక ఆడగొంతు వినిపించింది. "ఎవులయ్యా, ఏటి ఏటి అని అరుస్తన్నారు? ఏ ఊరోలు మీరు?"

ఆమెదీ మా ప్రాంతమే, కోటబొమ్మాళి వైపు. పెళ్లయి ఆ దీవికి వచ్చిందట. కట్టెల కోసం కొండెక్కింది. మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లి, ఉప్పు రాసి జలగలు రాల్చింది. వేడన్నం, చేపల పులుసు పెట్టింది. అంత రుచి మళ్లీ ఎరగను.

పొద్దున్న వాన వెలిసింది. ఆమె వాకిట్లోంచి చూస్తే కొండ కింద అంతా సముద్రం. బావ గోనె బ్యాగ్ దించి అక్కడే కూర్చుని చూశాడు. నేను "బాగుంది బావా" అన్నాను.

బయల్దేరేటప్పుడు గోనె బ్యాగ్ ఆమె చేతిలో పెట్టాడు. "మనూరిదమ్మా, ఉంచుకో."

నిన్న ఆమెకు ఫోన్ చేసి చెప్పాను.

ఆమె అంది, "ఇప్పటికీ ఆ సంచిలోనే బియ్యం పోస్తన్నానయ్యా."

బావా, ఇక వీపున బరువు లేదు. నిదానంగా నడు. నీకు శాంతి దొరకాలి.

వాన తెరిపిచ్చింది. వసారాలో సంచులు ఇంకా తడిగానే ఉన్నాయి.