నొప్పి తెలియని పాదం

ఆ శుక్రవారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చుని కుడికాలి బూటు లాగితే రాలేదు. లేసులు మొత్తం విప్పి రెండు చేతులతో లాగితే ఊడింది. పాదం ఎర్రగా వాచిపోయి, చీలమండ ఎముక కనబడకుండా ఉంది. నొప్పి మాత్రం లేదు.

నాకు నలభై తొమ్మిదేళ్లు. వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో ఒక డేటా సెంటర్‌లో టెక్నీషియన్‌ని. షిఫ్టంతా సర్వర్ల వరుసల మధ్య నడకే. పదమూడేళ్లుగా షుగర్ ఉంది. కంట్రోల్‌లోనే ఉందని అందరికీ చెప్పేవాణ్ణి. అందులో నిజమెంతో నాకు తెలుసు.

ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయి మేఘన వచ్చి పాదం మీద చెయ్యి పెట్టింది. "నాన్నా, ఇది చాలా హాట్ ఉంది. ఆ కాలు ఇలా లేదు" అంది.

"ఏదో పురుగు కుట్టి ఉంటుందిలే" అన్నాను.

మర్నాడు అర్జెంట్ కేర్ క్లినిక్‌లో ఎక్స్‌రే తీశారు. ఎముకలు బాగానే ఉన్నాయన్నారు. స్కిన్ ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్స్ రాశారు. కోర్సు అయిపోయింది, వాపు తగ్గలేదు. ఫ్యామిలీ డాక్టరు గౌట్ అనే కీళ్లవాపు అనుకుని రక్తపరీక్ష చేయించారు. యూరిక్ యాసిడ్ నార్మల్. "కొన్నాళ్లు చూద్దాం" అన్నారు. నడవొద్దని ఎవరూ అనలేదు. నొప్పి లేదు కాబట్టి నేనూ అడగలేదు. ఐదు వారాలు అదే కాలితో డ్యూటీకి వెళ్లాను.

నా భార్య సునీత స్నేహితురాలు ఒకావిడ నర్సు. ఫోన్లో విషయం విని, "పొడియాట్రిస్ట్‌కి చూపించారా?" అని అడిగిందట. పొడియాట్రిస్ట్ అంటే పాదాల డాక్టరు. ఆనెలు కోయడమే వాళ్ల పని అని నేననుకునేవాణ్ణి. సునీత నన్నడక్కుండానే అపాయింట్‌మెంట్ బుక్ చేసింది.

పొడియాట్రిస్ట్ యాభై దాటిన అమెరికన్ ఆవిడ. తక్కువ మాట్లాడతారు. రెండు మేజోళ్లూ విప్పించి, ఒక పరికరంతో రెండు పాదాల వేడి చూసి రాసుకున్నారు. తర్వాత సన్నటి నైలాన్ పోగు తీసి, "కళ్లు మూసుకోండి. తగిలినప్పుడల్లా యెస్ అనండి" అన్నారు.

కళ్లు మూసుకుని ఎదురుచూశాను. కాసేపాగి, "ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడిగాను.

"అయిపోయింది" అన్నారు ఆవిడ.

కళ్లు తెరిస్తే సునీత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. "పది చోట్ల గుచ్చారండీ. మీరు ఒక్కసారి కూడా పలకలేదు" అంది.

ఎంఆర్‌ఐ తీయించాక ఆవిడ స్క్రీన్ మా వైపు తిప్పి చూపించారు. జబ్బు పేరు షార్కో ఫుట్. షుగర్ వల్ల నరాలు మొద్దుబారాయి. పాదం మధ్యలో చిన్న ఎముకలు విరుగుతున్నాయి. "మీరు వాటి మీదే నడుస్తున్నారు. ఈ రోజు నుంచి ఒక్క అడుగు కూడా వద్దు" అన్నారు. కాలు పోతుందా అని సునీత అడిగింది. "పోకుండా ఉండడానికే కాలికి క్యాస్ట్ వేస్తాను" అన్నారు.

వేళ్ల నుంచి మోకాలి కింది దాకా టోటల్ కాంటాక్ట్ క్యాస్ట్ అనే గట్టి కట్టు వేశారు. వారం వారం విప్పి, చూసి, కొత్తది వేసేవారు. ఇంట్లో తిరగడానికి మోకాలి స్కూటర్. దాని మీద మోకాలు ఆనించి, రెండో కాలితో తోసుకుంటూ పోవాలి. మా పడకగది మేడ మీద. అందుకని కింద సోఫానే మంచమైంది. పాలు కావాలన్నా కారు తీయాల్సిన ఊళ్లో కుడికాలు వాడకూడదు కనుక కారు నడపలేక కూర్చున్నాను. మేఘనని స్కూల్లో దింపడం, ఆఫీసు, వంట, నన్ను క్లినిక్‌కి తిప్పడం, అన్నీ సునీతే. ఒకరోజు గరాజ్‌లో కారాపి పావుగంట లోపలికి రాలేదు. ఏమైందని అడిగితే, "ఏం లేదు, కాసేపు కూర్చున్నా" అంది.

మూడో నెలలో తప్పు చేశాను. వాళ్లిద్దరూ వెళ్లాక టీ కోసం వంటింటి దాకా నడిచాను. పదకొండు అడుగులు. ఏమీ కాలేదనిపించింది. మర్నాడూ నడిచాను. ఆ వారమంతా నడిచాను.

క్యాస్ట్ విప్పితే అరికాలిలో పుండు.

"నడిచారా?" అన్నారు డాక్టరు.

"లేదు" అన్నాను.

ఆవిడ విప్పిన క్యాస్ట్‌ని తిప్పి అడుగు భాగం చూపించారు. అరిగి, మురికిపట్టి ఉంది. ఆవిడ కోప్పడలేదు. "ఇన్ఫెక్షన్ ఎముకకి చేరితే నేను కాపాడలేకపోవచ్చు" అన్నారంతే. సునీత ఇంటి ముందు కారాపి, "నేను ఇంక మొయ్యలేనండీ. మీరు నడవకండి, అది చాలు" అంది. ఆ తర్వాత నేను కాలు కింద పెట్టలేదు.

పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. ఎముకలు కుదురుకున్నాయనడానికి గుర్తుగా రెండు పాదాల వేడి సమానమవడానికి ఇంకో నాలుగు. తర్వాత కొలత తీసి చేసిన గట్టి బూటు, ఆ తర్వాత డయాబెటిక్ షూస్. పాదం వంపు పడిపోయింది, ఇక తిరిగి రాదు. ఇప్పుడు మానిటరింగ్ డెస్క్ దగ్గర కూర్చుని చేసే పని ఇచ్చారు. బాగైందా అని ఎవరైనా అడిగితే అవునంటాను. కానీ ఎడమకాలికీ ఇదే రావచ్చని డాక్టరు చెప్పారు కనుక, పొద్దున్నే రెండు పాదాలూ తడిమి చూసుకున్నాకే నాకు రోజు మొదలవుతుంది. మేఘనకి లైసెన్స్ వచ్చింది. పొడియాట్రిస్ట్ దగ్గరికి ఇప్పుడు తనే డ్రైవ్ చేస్తుంది. ఆ గంటన్నర సునీత ఇంట్లో పడుకుంటుంది.

షుగర్ ఉన్నవాళ్లకి ఒక్క మాట. ఒక పాదం వాచి, రెండోదానికంటే వేడిగా ఉంటే, నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. ఎక్స్‌రే బాగుందన్నా సరే, వెంటనే పొడియాట్రిస్ట్‌కి చూపించి, "ఇది షార్కో కావచ్చా?" అని పేరు పెట్టి అడగండి. డాక్టరు కాదని తేల్చేదాకా ఆ కాలు కింద పెట్టకండి.