చిర్ర పట్టిన చెయ్యి

మా ఊరు సిరిసిల్ల పట్నంలో కలుస్తుందన్న కబురు ఊరందరికీ చెప్పింది మా బాపే. ఏ కబురైనా ఆయనే చెప్పాలి. మెడలో డప్పు వేసుకుని, నాలుగు దెబ్బలు కొట్టి, "రేపు పొద్దుగాల పంచాయితి కాడ గ్రామసభ ఉన్నదహో! ఊరిని పట్నంల కలుపుడు గురించి, అందరు రావాలెనహో!" అని వాడవాడా అరిచాడు. ఇంటికొచ్చి డప్పు గోడకు తగిలించి, "ఊరే పోతే ఇగ నాతోని పనేముంటది బిడ్డా?" అన్నాడు.

"గదేదో సభల అడుగు. నన్నడిగితే నేనేం జేస్త?" అన్నాను. ఒళ్లో బీడీల చాట ఉంది. మాట్లాడుతున్నా చుట్టే చేతులు ఆగలేదు.

ఊళ్లో ఎవరి లెక్క వారిది. రోడ్డు పక్క భూములున్నవాళ్లు ధరలు పెరుగుతాయని ఎగిరి గంతేశారు. కూలికి పోయే ఆడవాళ్లు, పల్లెలకే ఇచ్చే ఉపాధి హామీ వంద రోజుల పని పోతుందని మొత్తుకున్నారు. కోరుట్లలో ఉండే మా చెల్లె ఫోన్ చేసి, "మంచిదే గదనే అక్కా, ఇంటింటికి నల్లా అస్తది" అంది. నాకు మాత్రం ఏమీ అనిపించలేదు. చిన్నప్పుడు ఆ డప్పు చప్పుడు బడి దాకా వినిపిస్తే తల వంచుకుని కూర్చునేదాన్ని. ఈ పని ఎప్పుడు మానేస్తాడా అనుకునేదాన్ని. ఇప్పుడు దానంతటదే పోతోంది. సంతోషం రావాలి కదా, అదీ రాలేదు.

సభకు మంది బాగానే వచ్చారు. చాటింపు చేసినవాడు సభలో మాట్లాడకూడదు, మా ఊరి ఆనవాయితీ అది. మెట్ల దగ్గర డప్పుతో నిలబడాలి. అంతా తేలాక సర్పంచు సైగ చేస్తే కొట్టాలి, సభ ముగిసినట్టు. బాపు వంతు అంతే.

"కలుపుడు వద్దన్నోళ్లు చేతులెత్తున్రి" అన్నాడు సర్పంచు. బాపు అడిగిన మాట గుర్తొచ్చి నేను ఎత్తాను. కూలి ఆడవాళ్లంతా ఎత్తారు. మెట్ల దగ్గర ఇంకో చెయ్యి లేచింది. బాపుది. అందులో డప్పు కొట్టే పుల్ల, చిర్ర, అలాగే ఉంది.

"అరె, ఆగవయ్యా! ఇంక అయిపోనేలేదు, అప్పుడే కొడ్తవేంది?" అన్నాడు సర్పంచు. సభంతా గొల్లుమంది. బాపు కూడా నవ్వి చెయ్యి దించేశాడు. ఆయన కొట్టడానికి ఎత్తలేదని నాకు తెలుసు. నేను నోరు తెరిచేలోపే కలపాలన్నవాళ్ల చేతులు లేచాయి. అవే ఎక్కువ. సర్పంచు సైగ చేశాడు. బాపు కొట్టాడు.

"నీ పాడుగాను, నేను గూడ వద్దంటున్న అని నోటితోని చెప్పరాదా?" అని దారంతా తిట్టాను.

"ఎన్నడన్న సభల మాట్లాడిన్నా బిడ్డా?" అన్నాడు. ఆ తర్వాత డప్పు గోడ దిగలేదు.

ఇప్పుడు రోజూ మున్సిపాలిటీ చెత్త ఆటో మైకు పెట్టుకుని వస్తుంది. ఏ కబురైనా ఆ మైకే చెబుతుంది. నల్లా వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. వంద రోజుల పని పోయింది. నేను బీడీలు చుడుతూనే ఉన్నాను. బాపు గడప మీద కూర్చుని ఆటో మలుపు తిరిగేదాకా చూస్తాడు.

మొన్న మైకు ఖరాబైందని ఆటో నడిపే అతను మా గడప దగ్గరికి వచ్చాడు. "పెద్దయ్యా, రేపు వార్డు మీటింగున్నది. పన్నుల ముచ్చట. జర ఒక్కపారి డప్పు గొట్టి చెప్పరాదు?"

బాపు లేచి డప్పు దించాడు. దుమ్ము తుడిచాడు. ఎంత ఆశతో ఎదురుచూశాడో పాపం, ఇక మెడలో వేసుకుంటాడు అనుకున్నాను. డప్పూ చిర్రా రెండూ తీసి అతని చేతుల్లో పెట్టాడు.

"నువ్వే కొట్టుకుంట పో బిడ్డా" అన్నాడు. "నేను మీటింగుకే అస్త. ఈపారి ఉత్త చేతులతోని అస్త."

నా చేతుల్లో బీడీ సగంలోనే ఆగిపోయింది. ఇన్నాళ్లకు ఏడుపొచ్చింది.