పంజగుట్ట వానలో ఆగిన రెండు బండ్లు

దూర ప్రయాణాలకు ఏ కంపెనీ బండి కొనాలి, దారిలో మొండికేయనిది ఏది అని ఈ బ్లాగు చదివేవాళ్లలో ఎవరో ఒకరు తరచూ అడుగుతుంటారు. కొండదారుల్లో, సముద్రం ఒడ్డున చాలానే తిరిగాను గానీ, ఆ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఎర్రగడ్డ నుంచి పంజగుట్టకు వెళ్లే దారిలో దొరికింది. ఐదారు కిలోమీటర్లు ఉంటుందేమో. ఖాళీ రోడ్డు మీద పావుగంట ప్రయాణం. ఆ రోజు మాత్రం దాదాపు గంటన్నర పట్టింది.

అప్పట్లో నేను తెనాలి నుంచి వచ్చి అమీర్‌పేటలో ఒక హాస్టల్లో ఉంటూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేస్తున్నాను. మెట్రో ఇంకా రాలేదు. గోడలనిండా కోర్సుల పోస్టర్లే. క్లాసులో నా పక్కన కూర్చునే యూసుఫ్ ఎర్రగడ్డ రైతుబజార్ వెనక ఉండేవాడు. మా ఇద్దరికీ ఒక్క బండ్ల విషయంలో తప్ప ఎందులోనూ గొడవ లేదు. కంపెనీల పేర్లు కావాలనే రాయడం లేదు. రాస్తే కింద కామెంట్లలో మీరు కొట్టుకుంటారు. నాది వంద సీసీ ఫోర్ స్ట్రోక్ బండి. చప్పుడు చేయకుండా, తక్కువ పెట్రోలు తాగి, రోజూ వేళకు పనికి పోయే రకం కాబట్టి హాస్టల్లో దాన్ని గుమస్తా అనేవారు. మా నాన్న, పెదనాన్న, ఇద్దరు మేనమామలు అందరిదీ అదే కంపెనీ. పెళ్లిచూపులకు వచ్చిన వాళ్ల బండి వేరే కంపెనీదైతే మా ఇంట్లో మొహాలు చూసుకునేవారు. యూసుఫ్‌ది టూ స్ట్రోక్. దాని మోతకు వీధి చివర ఉన్నవాళ్లు కూడా తల తిప్పేవారు గనక పేరు డప్పు. మందుల కంపెనీ ప్రతినిధిగా జిల్లాలన్నీ తిరిగిన వాళ్ల నాన్న నడిపిన బండి అది. ఇంట్లో అబ్బా అని పిలిచే ఆయనకు మోకాళ్ల నొప్పులు వచ్చాక కొడుక్కి ఇచ్చారు. ఆ మోడల్ తయారీ అప్పటికే ఆగిపోయింది.

ఒకరోజు క్లాసు అయ్యాక టీ బండి దగ్గర మాటా మాటా పెరిగింది.

"మీ గుమస్తా పైసలు మిగిలిస్తది, అంతే. మా బండి ఇప్పటిదాంక ఒక్కసారి సుత రోడ్డు మీద ఆగలే. దమ్మున్న కంపెనీ భాయ్ అది" అన్నాడు యూసుఫ్.

"అంత దమ్మున్న కంపెనీ ఆ బండి చేయడం ఎందుకు మానేసిందంట?" అన్నాను నేను.

ఆ మాట అతనికి గట్టిగా తగిలింది. టీ గ్లాసు కింద పెట్టేసి, "ఒక పని చేద్దాం. ఒక రోజంతా నీ బండి నేను నడుపుత, నా బండి నువ్వు నడుపు. ఏది ఆగితే ఆ బండి ఓనరు ఇదే జాగల అందరి ముందట ఓడిపోయిన అని ఒప్పుకోవాలె" అన్నాడు. పొద్దున ఎర్రగడ్డలో బయలుదేరి అమీర్‌పేట, పంజగుట్ట, ఖైరతాబాద్ మీదుగా ట్యాంక్‌బండ్ దాకా పోయి సాయంత్రానికి తిరిగి రావాలన్నది ఒప్పందం. వర్షాకాలం అన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

అనుకున్న రోజు తొమ్మిదింటికి వాళ్లింటికి వెళ్లేసరికి యూసుఫ్ చెల్లెలు నసీమా కూడా చెప్పులేసుకుని సిద్ధంగా ఉంది. డిగ్రీ పూర్తయి ఏడాది అయింది. పదకొండు గంటలకు పంజగుట్టలో ఒక కాల్ సెంటర్‌లో ఇంటర్వ్యూ ఉందని, దారిలోనే కాబట్టి దింపేసి పోదామని యూసుఫ్ చెప్పాడు. ఇంతకు ముందు ఒక ఇంటర్వ్యూకు బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యంగా వెళ్తే ఆమెను గేటు దగ్గర్నించే పంపించేశారట. ఈ ఉద్యోగం కూడా రాకపోతే వచ్చే నెల నుంచి సంగారెడ్డిలో వాళ్ల చిన్నాన్న స్కూల్లో పాఠాలు చెప్పడానికి వెళ్లాలని ఇంట్లో తేల్చేశారు. ఆమెకు అది సుతరామూ ఇష్టం లేదు.

"పందెం ఇంకో రోజు పెట్టుకుందాం యూసుఫ్. నీ బండి మీదే చెల్లెల్ని తీసుకెళ్లు" అన్నాను.

"ఏం ఫికర్ చెయ్యకు. నీ గుమస్తా మంచిదే అంటివి కద? ఇయ్యాల చూద్దాం" అని నా చేతిలో తాళం పడేశాడు. నసీమా వాళ్లన్న రెయిన్‌కోటు తొడుక్కుని, సర్టిఫికెట్ల కవరు దాని లోపల పెట్టుకుని, నా బండి మీద యూసుఫ్ వెనక కూర్చుంది.

ఎస్.ఆర్.నగర్ దాటేసరికి చినుకులు మొదలయ్యాయి. మైత్రీవనం దగ్గర వాన ముంచెత్తింది. కోర్సుల కరపత్రాలు పంచేవాళ్లు కాగితాలు నెత్తిన పెట్టుకుని షాపుల కిందకు పరుగెత్తుతున్నారు. షేర్ ఆటోలు పరదాలు దించేసి ఎవరు చెయ్యెత్తినా ఆపడం లేదు. డప్పు నాకు కొత్త. వేగం తగ్గిస్తే దగ్గుతుంది, పెంచితే ఎగిరి దూకుతుంది. ముందు పోతున్న నా బండి వెనక దీపం చూసుకుంటూ, అమీర్‌పేట చౌరస్తా నుంచి పంజగుట్ట వైపు గజం గజం జరుపుకుంటూ నడిపాను. మామూలుగా ఐదు నిమిషాలు పట్టే ఆ ముక్కకు అరగంట దాటింది.

పంజగుట్ట చౌరస్తాకు కొంచెం ముందు రోడ్డు పల్లంగా ఉన్నచోట నీళ్లు మోకాళ్లు ముట్టాయి. యూసుఫ్ ఆలోచించకుండా అందులోకి దిగాడు. సగం దూరం వెళ్లాక నా గుమస్తా ఒక్కసారి వణికి ఆగిపోయింది. నేను కంగారులో నీళ్ల అంచున బ్రేకు వేసి యాక్సిలరేటర్ వదిలేశాను. డప్పు కూడా ఠక్కున ఆగింది. ఒకటి, రెండు, మూడు అంటూ కిక్కులు కొడుతూనే ఉన్నాను. కిక్ రాడ్ జారి పిక్కకు తగిలి కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనక బస్సు హారన్ మోగిస్తోంది. ట్రాఫిక్ కానిస్టేబుల్ గొడుగు కింద నుంచి అరిచాడు.

"ఏయ్, బండి పక్కకు తియ్! రోడ్డు మీద ఏం చేస్తున్నవ్?"

యూసుఫ్ నడుం వంచి నా బండిని నీళ్లలో తోస్తున్నాడు. ఖాళీ ఆటో ఒక్కటీ లేదు. అప్పటికే పదిన్నర దాటింది. నసీమా నీళ్లలోంచి నా వైపు నడిచి వచ్చింది. సల్వార్ మోకాళ్ల దాకా తడిసిపోయింది. మొహంలో కోపం లేదు, కంగారూ లేదు. తొందర మాత్రం ఉంది.

"అన్నా, జర దిగు."

"నసీమా గారూ, ఇది స్టార్ట్ కావట్లేదండీ" అన్నాను.

"తెలుసు. దిగు."

దిగాను. ఆమె పెట్రోలు నాబ్ కట్టేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని, ఇంజిన్‌లో ఎక్కువైన పెట్రోలు బయటకు పోయేలా నాలుగైదు కిక్కులు ఖాళీగా కొట్టింది. తర్వాత నాబ్ తెరిచి ఒకే ఒక్క కిక్కు. డప్పు ఆ వీధి మొత్తం దద్దరిల్లేలా మోగింది. నేను ఆమెను ఆపాలో, వెనక ఎక్కాలో తెలియక నిలబడ్డాను.

"మీకు నడపడం వచ్చా?"

"అబ్బా నేర్పించిండు. భాయ్‌జాన్‌కు చెప్పు, నేను పోతున్న అని."

డివైడర్ పక్కన రోడ్డు కాస్త ఎత్తుగా ఉన్న చోటుకు బండిని తిప్పి, ఫస్ట్ గేరులోనే, యాక్సిలరేటర్ తగ్గించకుండా నీళ్లలోంచి సాగిపోయింది. యూసుఫ్ పక్కనుంచి పోతున్నప్పుడు కూడా ఆగలేదు. అతను నా బండి హ్యాండిల్ పట్టుకుని నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత నన్ను చూశాడు. నేను అతన్ని చూశాను. గెలిచానని చెప్పే ధైర్యం ఇద్దరిలో ఒక్కరికీ లేకపోయింది.

ఇద్దరం కలిసి గుమస్తాను ఒక బట్టల షాపు ముందుకు తోసుకెళ్లాం. ప్లగ్ మీది క్యాప్‌లోకి నీళ్లు పోయాయి. యూసుఫ్ తన రుమాలు పిండి దానితో తుడిచాడు. పావుగంట ఆరనిచ్చాక అది ఏమీ జరగనట్టు స్టార్టయింది. కాల్ సెంటర్ బిల్డింగు దగ్గరకు వెళ్లేసరికి మెట్ల కింద డప్పు సెంటర్ స్టాండు మీద తిన్నగా నిలబెట్టి ఉంది, హ్యాండిల్‌కు లాక్ కూడా వేసి. వాచ్‌మన్ మమ్మల్ని ఎగాదిగా చూసి, "గీ బండి మీద వచ్చిన మేడమ్ కోసమేనా? లోపలికి పోయింది. టైముకే వచ్చింది" అన్నాడు.

ట్యాంక్‌బండ్ పందెం మాట మళ్లీ ఎవరమూ ఎత్తలేదు. ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో కూర్చుని రెండు చాయ్‌లు, ఉస్మానియా బిస్కెట్లు చెప్పాం. అటువైపు వెళ్తే అలాంటి చోట రద్దీ తగ్గే దాకా కూర్చోవచ్చు, లేవమని ఎవరూ అనరు. "అది బండి నడుపుతదని నాకే తెల్వదు భాయ్. అబ్బా నాకు చెప్పనే లేదు" అన్నాడు యూసుఫ్. కోపమో బాధో గర్వమో ఆ గొంతులో నాకు తెలియలేదు. బహుశా అతనికీ తెలియలేదు.

మూడు దాటాక నసీమా దిగి వచ్చింది. బట్టలు ఒంటి మీదే ఆరిపోయాయి. వచ్చీ రాగానే కుర్చీ లాక్కుని, "సోమవారం నుంచి ట్రైనింగ్. క్యాబ్ వాళ్లే పంపిస్తరంట" అంది. యూసుఫ్ లేచి, ఏం చేయాలో తెలియక మళ్లీ కూర్చుని, ఆమెకు చాయ్ చెప్పాడు.

"నీకు బండి ఎప్పుడు నేర్పిండు అబ్బా?" అని అడిగాడు.

"నువ్వు ఇంటర్ల ఉన్నప్పుడు. ఇప్పటికి సుత ఆదివారం ఆదివారం నువ్వు పండుకున్నంక ఆ బండి ప్లగ్గు ఎవరు సాఫ్ చేస్తున్నరు అనుకున్నవ్? పెట్రోల్ల ఆయిల్ ఎవరు కలుపుతున్నరు? కంపెనీ వాళ్లు వచ్చి చేస్తున్నరా?"

యూసుఫ్ నా వైపు తిరిగి, "నవ్వకు భాయ్" అన్నాడు. నేను నవ్వలేదు. మూడు సర్వీసింగులు ఎగ్గొట్టిన నా బండి బయట నిలబడి ఉంది.

ఆ తర్వాత చాలా బండ్లు నడిపాను, కొన్ని కొన్నాను, కొన్ని అమ్మాను. మా కుటుంబం పట్టుకుని వేలాడిన కంపెనీ మంచిదే, యూసుఫ్ వాళ్లదీ మంచిదే. మనం ఒక పేరు మీద ప్రేమ పెంచుకున్నప్పుడు ఆ బండిని ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారో మర్చిపోతాం. అది ఆగనన్ని రోజులూ మెచ్చుకోలు కంపెనీకి పోతుంది. కొన్నాళ్లకు నసీమా సొంత జీతంతో బండి కొనుక్కుంటానంటే పంజగుట్టలో షోరూములు చూడటానికి ముగ్గురం కలిసి వెళ్లాం. నేనూ యూసుఫూ ఎవరి కంపెనీ గురించి వాళ్లం ఊదరగొడుతుంటే ఆమె ప్రతి షోరూములోనూ ఒకే మాట అడిగింది, సర్వీసింగ్ ఎక్కడ చేస్తారని. మూడో షోరూములో పనిచేసే అమ్మాయి సర్వీసింగ్ ఎర్రగడ్డలోనే చేస్తామని చెప్పగానే నసీమా డబ్బు కట్టేసింది. అది మా ఇద్దరి కంపెనీల్లో ఏదీ కాదు.

వర్షాకాలంలో ఈ దారిన పోయేవాళ్లకు ఒక్క సూచన: నీళ్లలో బండి ఆగితే అక్కడే నిలబడి కిక్కులు కొట్టకండి. పొడి నేల మీదకు తోసుకెళ్లి, ప్లగ్ క్యాప్ ఊడదీసి పొడిగుడ్డతో తుడిచి, కాసేపు ఆరనిచ్చాకే స్టార్ట్ చేయండి.