పిన్నిగారు సాన పట్టిన కత్తి

మా పక్క వాటాలో ఉండే పిన్నిగారు ఎవరికీ గడ్డం గీసిన మనిషి కాదు. అయినా మా వీధిలో ఒక తరం మగవాళ్ళ చెంపలు నున్నగా ఉన్నాయంటే అందులో సగం పుణ్యం ఆమెదే. గీసింది ఆమె భర్త, బాబాయిగారు. బస్టాండు ఎదురుగా ఆయనకు సెలూన్ ఉండేది. కుర్చీలో కూర్చున్నవాళ్ళు "నీ చేయి వెన్నయ్యా" అని మెచ్చుకుంటే ఆయన ఔననేవాడు కాదు, కాదనేవాడూ కాదు. అద్దంలోకి చూసి నవ్వేవాడు. ఆ కత్తులకు ఇంట్లో పదును పెట్టేది పిన్నిగారని కుర్చీలోవాళ్ళకు తెలియదు. గోడకు ఇవతల ఉండేవాళ్ళం గనుక మాకు తెలుసు.

సెలూన్‌కు సెలవున్న రోజు మధ్యాహ్నం, గిన్నెలన్నీ కడిగి బోర్లించాక, ఆమె వంటగట్టు మీద తడిగుడ్డ పరిచి సానరాయి పెట్టేది. గుడ్డ లేకపోతే రాయి జారుతుంది. దేవుణ్ణి ఒకసారి తలుచుకుని, గాజులు మోచేతి వైపు తోసుకుని, కత్తిని రాయి మీద పడుకోబెట్టేది. పడుకోబెట్టడమన్నది ఆమె మాటే.

"కూరగాయల కత్తిలాగా వీపు పైకెత్తి రుద్దితే ఇది చచ్చిందే అమ్మాయ్! వీపూ అంచూ రెండూ రాయికి ఆనాలి. చంటిపిల్లను పక్క మీద వేసినట్టు వెయ్యాలి. బలం పెట్టకూడదు, కత్తి బరువు కత్తికి చాలు" అని నాకు చెప్పింది. నేనేదో రేపట్నుంచి సెలూన్ పెట్టబోతున్నట్టు.

అంచు ముందుకు నడిచేలా తోసి, చివరన వీపు మీద పొర్లించి, వెనక్కి లాగేది. పొరపాటున అంచు మీద పొర్లిస్తే అంతవరకూ పడిన పాటంతా వృథా. మొదట గరుకు రాయి, తరువాత నున్నటి రాయి. గోడ ఇవతల కూర్చున్న నాకు మొదట గరగర వినిపించేది, పోనుపోను పట్టుబట్ట మడత విప్పినంత సన్నని సవ్వడి. పదునెక్కినకొద్దీ రాయి మీది నీళ్ళు అంచు ముందు ఆగకుండా కత్తి మీదికి ఎక్కేవి. అది చూసి ఆపేసేది. ఇంకొంచెం, ఇంకొంచెం అని ఆశపడితే అంచు రేకులా పలచబడి, గడ్డానికి తగలగానే చిట్లుతుందట. తరువాత బొటనవేలి గోరును తడిపి, దాని మీద అంచును ఆనీ ఆననట్టు నడిపేది. ఎక్కడైనా గంటు ఉంటే గోరుకు తగిలి ఆగుతుంది. చివరికి కిటికీ ఊచకు కట్టిన తోలుపట్టీ మీద మెరుగు.

కాపురానికి వచ్చిన కొత్తలో ఆ తోలుపట్టీని కోసేసింది కూడా ఆమే. రాయి మీద అంచు ముందు నడవాలి, తోలు మీద వీపు ముందు నడవాలి. రాయి అలవాటు చేతికి పట్టేసి, తోలు మీదా అంచునే ముందుకు తోసింది. పట్టీ రెండు ముక్కలు. బాబాయిగారు వచ్చి చూసి, "కత్తికి మాత్రం భలే పదునెక్కిందే!" అన్నాడట. అంతకు మించి ఒక్క మాట అనలేదని ఇప్పటికీ చెబుతుంది.

కాలం మారింది. సెలూన్ అల్లుడి చేతికి వెళ్ళింది. అల్లుడు వాడి పారేసే బ్లేళ్ళు తెచ్చాడు. ఇంట్లో ఒకే ఒక్క కత్తి మిగిలింది, అదీ మాస్టారి కోసం.

మాస్టారు బాబాయిగారికి చిన్నప్పుడు అక్షరాలు దిద్దించిన మనిషి. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట కొంచెం ముద్దగా వచ్చేది గానీ అర్థమయ్యేది. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారు. చిన్న గాటు పడినా రక్తం త్వరగా ఆగదని, జాగ్రత్తగా ఉండమని డాక్టరు చెప్పాడు. ఒకసారి అల్లుడు వెళ్ళి బ్లేడుతో గీస్తే చెంపంతా కందిపోయింది. ఆ తరువాత ఇంకెవరు వచ్చినా ఆయన మొహం గోడవైపు తిప్పేసుకునేవారు. బాబాయిగారు తప్ప ఎవరూ ఆయన గడ్డం మీద చేయి వేయడానికి లేదు. బాబాయిగారికీ మిగిలిన పని అదొక్కటే. ఆ పనికి వెళ్ళే రోజున ఉతికిన చొక్కా వేసుకుని, జుట్టుకు నూనె రాసుకుని, పెళ్ళికి వెళ్ళేవాడిలా బయల్దేరేవాడు.

అలా ఒకసారి వెళ్ళి వచ్చాక పిన్నిగారు కత్తిని గోరు మీద నడిపితే చివరి మూల దగ్గర ఆగింది. చిన్న గంటు.

"కొళాయికి తగిలిందిలే" అన్నాడు బాబాయిగారు.

ఆమె గరుకు రాయి మీద గంటు పోయేదాకా అరగదీసింది. తరువాతి వారం మళ్ళీ అదే చోట గంటు. ఆ పై వారమూ అంతే. ఆమె ఇక అడగలేదు. ఆయన అన్నం తినేటప్పుడు కుడిచేతిని చూసింది. ముద్ద నోటిదాకా రావడానికి కష్టపడుతోంది.

ఆ మధ్యాహ్నం పాలగిన్నె తిరిగివ్వడానికి వెళ్ళి నేను వాళ్ళ వంటింట్లోనే ఉన్నాను. పిన్నిగారు కత్తి చివరి మూలను రాయికి మెల్లగా తాకిస్తూ తిప్పుతోంది. సూదిమొనలా ఉండే ఆ మూల గుండ్రమైపోతోంది. ఎవరి చెంపలోనూ గుచ్చుకోని విధంగా. ఇంతలో బాబాయిగారు లోపలికి వచ్చి, కత్తి తీసుకుని వెలుతురులో పట్టుకున్నాడు.

"ఏమేవ్, దీని మూల ఏదీ?"

"ఉంది కదండీ."

"ఇది మూలా? పసివాడి బొటనవేల్లా ఉంది. నన్ను అడక్కుండా ఎందుకు అరగదీశావు?"

"మాస్టారి చర్మం చూశారుగా, ఉల్లిపొరలా ఉంది. పొరపాటున గుచ్చుకుంటే..."

"ఇన్నేళ్ళలో నా చేతిలో ఎవరికైనా గుచ్చుకుందా?"

"లేదు."

"మరి?"

ఆమె రాయి మీద నీళ్ళు చల్లింది. అవసరం లేకపోయినా మళ్ళీ చల్లింది. "మీ చేయి వణుకుతోందండీ" అంది.

"ఎవరు చెప్పారు?"

"కత్తే చెప్పింది. ప్రతిసారీ అక్కడే గంటు. కడిగేటప్పుడు మగ్గు అంచుకు తగులుతోంది."

నేను పాలగిన్నె ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. ఆయన పీట వాల్చుకుని కూర్చున్నాడు.

"గీసేటప్పుడు వణకదే. కడిగేటప్పుడే" అన్నాడు.

"ఇవాళ కడిగేటప్పుడు. రేపు గొంతు దగ్గర వణికితే?"

"అయితే మానెయ్యమంటావా?"

"నేను ఆ మాట అన్నానా?"

"అనలేదు. కళ్ళతో అంటున్నావు." చేతిని ఒళ్ళో పెట్టుకుని, దాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "నేను మానేస్తే ఆయన ఎవరినీ రానివ్వడు. గడ్డం పెరిగి మంచంలో పడి ఉంటాడు. అద్దం చూసుకోనిదే బడికి రాని మనిషి."

పిన్నిగారు కత్తి తుడిచి మడిచింది. నేను గిన్నె గట్టు మీద పెట్టి వచ్చేశాను.

మర్నాడు పొద్దున ఆయన చొక్కా వేసుకుంటూ పిన్నిగారితో, "నువ్వూ రా" అన్నాడు. మాస్టారి కోడలి దగ్గర కుట్టుకు ఇచ్చిన బట్టలు తెచ్చుకోవాలని నేనూ వాళ్ళ వెంట నడిచాను.

మాస్టారి కోడలు ముందుగదిలో, ఆయన మంచానికి ఎదురుగా కూర్చుని మిషను కుట్టేది. బాబాయిగారు వచ్చే రోజున ఆమె తడితువ్వాలును ఇస్త్రీపెట్టె కింద వేడిచేసి సిద్ధంగా ఉంచేది. ఎవరూ చెప్పకుండానే మొదలుపెట్టిన పని అది. ఆ వేడి తువ్వాలు మాస్టారి మొహం మీద కప్పి, దిండ్లు సర్ది, మళ్ళీ మిషను ముందు కూర్చుంది. బాబాయిగారు సబ్బు నురగ పట్టించాడు. కత్తి తెరిచాడు. చెంపదాకా తీసుకొచ్చి ఆగాడు. కత్తి గాలిలో సన్నగా అదురుతోంది.

"ఒరే అబ్బాయ్, నురగ ఆరిపోతోందిరా. ముహూర్తం చూస్తున్నావా?" అన్నారు మాస్టారు కళ్ళు మూసుకునే.

"మాస్టారూ, నా చేయి వణుకుతోందండీ."

గదిలో మిషను ఆగిపోయింది.

"నాకు తెలుసురా. మగ్గు గణగణా మోగుతోందిగా. చెవులకేమీ పక్షవాతం రాలేదు."

"మరి చెప్పలేదేమండీ?"

"చెబితే నువ్వు రావు. నువ్వు రాకపోతే నాతో కబుర్లు చెప్పేదెవరు?"

"నేను లేనా మామయ్యా?" అంది కోడలు నొచ్చుకుని.

"నువ్వున్నావమ్మా. కాకపోతే నీకంటే నీ మిషనే ఎక్కువ మాట్లాడుతుంది."

కోడలు నవ్వాపుకోలేకపోయింది. బాబాయిగారు కత్తిని పిన్నిగారి వైపు చాచాడు.

"పట్టు."

"నేనా! నాకేం వచ్చండీ? రాయి తప్ప ఇంకొకటి తెలుసా నాకు?"

"మెత్తగా పట్టడం నీకు తెలిసినంతగా నాకే తెలీదు. పట్టు. నేను పక్కనే ఉన్నాను."

ఆమె పెదవులు కదిలాయి, ఏ దేవుణ్ణి పిలిచిందో. కొంగుతో చేయి తుడుచుకుని కత్తి అందుకుంది. బాబాయిగారు ఎడమచేత్తో మాస్టారి చెంపను పైకి లాగి బిగించాడు. ఆ చేయి రాయిలా నిలకడగా ఉంది. ఆమె కత్తిని చెంప మీద పడుకోబెట్టి మెల్లగా నడిపింది. నురగ వచ్చింది, వెంట్రుక ఒక్కటీ రాలేదు.

"పదును పెట్టడం మరిచిపోయావా ఏమమ్మా?" అన్నారు మాస్టారు.

"వీపు ఎత్తవే!" అన్నాడు బాబాయిగారు. "అది చెంప, సానరాయి కాదు. కొంచెం ఎత్తు. ఆఁ, చాలు చాలు. ఇప్పుడు లాగు."

ఈసారి చర్రుమని సన్నని చప్పుడైంది. కత్తి వెళ్ళిన దారిలో చెంప తెల్లగా, నున్నగా బయటపడింది. కోడలు ఒక చేతిలో దూదిపింజ, ఇంకో చేతిలో గుడ్డ పట్టుకుని నిలబడింది. దూది అవసరం రాలేదు. ఒక చెంప, రెండో చెంప, గడ్డం కింద, గొంతు. బాబాయిగారు చర్మం లాగి పట్టడం, పిన్నిగారు గీయడం. కత్తిని మగ్గులో ముంచకుండా కోడలి చేతిలోని గుడ్డకే తుడిచారు. బాబాయిగారి నోరు మాత్రం ఒక్క క్షణం మూతపడలేదు. బస్టాండు కబుర్లు, అల్లుడి కొత్త కుర్చీల సంగతి, ఎవరికో బట్టతల మీద వెంట్రుకలు మొలిపిస్తుందని వచ్చిన నూనె కథ. మాస్టారు నవ్వబోతే, "కదలకండి, ఈమె కొత్త!" అని గదమాయించేవాడు.

ముక్కు కింది దాకా వచ్చేసరికి పిన్నిగారు కత్తి మడిచేసింది.

"అక్కడ నావల్ల కాదు. ముక్కు ఒకపక్క, పెదవి ఒకపక్క. చేతులెత్తి దండం పెడతాను, ఇవాళ్టికి వదిలెయ్యండి."

బాబాయిగారు ఎంత చెప్పినా ఆమె వినలేదు. మాస్టారే సర్ది చెప్పారు. కోడలు అద్దం తెచ్చి చూపిస్తే అటూ ఇటూ చూసుకుని, "రాజభోగంరా! ఒక గడ్డానికి ఇద్దరు పనివాళ్ళు!" అన్నారు.

ఆ తరువాత ప్రతివారం ఇద్దరూ కలిసే వెళ్ళేవారు. పిన్నిగారికి చెంపలు బాగా అలవాటయ్యాయి గానీ ముక్కు కింద కత్తి పెట్టే ధైర్యం మాత్రం రాలేదు. అక్కడ నెరిసిన మీసం ఒత్తుగా పెరిగింది. చూడవచ్చిన పాత శిష్యులెవరైనా, "ఈ వయసులో మీసమేమిటి మాస్టారూ?" అని ఆశ్చర్యపోతే ఆయన తాపీగా జవాబిచ్చేవారు:

"ఆవిడ ఇంకా అక్కడిదాకా రాలేదురా."